మట్టి దీపం మీద కుందేలు: ఇటలీలో రోమన్ దీపాల వెంట

ఇటలీ వెళ్తున్నానంటే అందరూ కొలోసియం ముందు ఫోటో, వెనిస్‌లో పడవ ఫోటో పంపమన్నారు. నా లిస్టులో ఉన్నవి వేరే. రెండు వేల ఏళ్ల కిందట రోమన్లు ఇళ్లలో, కొట్లలో వెలిగించుకున్న మట్టి దీపాలు, ముఖ్యంగా వాటి మీది బొమ్మలు. పాలరాతి విగ్రహాలూ గోడల మీద వర్ణచిత్రాలూ డబ్బున్నవాళ్ల సరదా. సందులో చిన్న కొట్టు నడుపుకునేవాడికి, మేడ పైన అద్దె గదిలో ఉండేవాడికి సొంతానికంటూ ఒక బొమ్మ ఉందంటే అది దీపం మీద బొమ్మే అయ్యుంటుందని నా నమ్మకం. ఆ బొమ్మలు ఎలా పుట్టాయి, చివరికి ఏమయ్యాయి అన్నది చూద్దామని నేపుల్స్‌లో మొదలుపెట్టి మోదెనా దాకా వెళ్లాం. తోడు మా పిన్ని కొడుకు. వాడు ఇటలీలోనే ఎమ్మెస్ చేస్తున్నాడు, భాష వచ్చు, రైలు టికెట్లు ఫోన్‌లో చకచకా తీసేస్తాడు, కాకపోతే రెండు గంటలకోసారి ఆకలంటాడు.

సోమవారం, నేపుల్స్

ఇక్కడి జాతీయ పురావస్తు మ్యూజియానికి మంగళవారం సెలవు, అందుకే సోమవారం తలుపులు తీసే వేళకే వెళ్లిపోయాం. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు పూడిపోయిన పాంపే, హెర్కులేనియం ఊళ్ల తవ్వకాల్లో దొరికిన మంచి సరుకంతా ఇక్కడే ఉంది. జనమంతా పెద్ద మొజాయిక్‌ల వైపు పరుగెత్తారు, గాజు బీరువాల్లో దీపాల ముందు మేం ఇద్దరమే.

మన ప్రమిద పైన తెరిచి ఉంటుంది, నూనె కళ్లకు కనిపిస్తుంది, వత్తి అంచు మీద వాలి ఉంటుంది. రోమన్ దీపానికి పైన కప్పు ఉంటుంది. గుండ్రటి పొట్ట, ముందుకి పొడుచుకొచ్చిన ముక్కు, ముక్కు చివర వత్తికి ఒక చిల్లు, కప్పు మీద నూనె పోయడానికి ఇంకొక చిన్న చిల్లు, కొన్నిటికి వెనకవైపు వేలు దూర్చి పట్టుకునే పిడి. చాలావాటి పొడవు పది సెంటీమీటర్ల అటూ ఇటూ, అరచేతిలో కూర్చుంటాయి. కప్పు ఉండటం వల్ల చేత్తో పట్టుకుని గదులన్నీ తిరిగినా నూనె తొణకదు. అంతకు ముందు కాలపు దీపాలు సారె మీద చేసినవి, వాటి పైభాగంలో బొమ్మకి చోటే లేదు. అచ్చులు వచ్చాక, అగస్టస్ చక్రవర్తి నాటికి, ఆ కప్పుని వెడల్పు చేసి, కొంచెం గుంటగా తీర్చి, గుంట నిండా ఉబ్బెత్తు బొమ్మలు వేయడం మొదలైంది. ముక్కుకి రెండు పక్కలా మెలి తిరిగిన చుట్టలు కూడా ఆ రోజుల ఫ్యాషనే, మొదటి శతాబ్దపు దీపమని దూరం నుంచే గుర్తుపట్టడానికి అవి పనికొస్తాయి.

ఇక బొమ్మలు. గద్దతో దేవతల రాజు జూపిటర్, చంద్రవంకతో చంద్రదేవత, నాటకాల ముసుగులు, నాలుగు గుర్రాల రథాలు, సింహం, డాల్ఫిన్, పీత, వేటకుక్క. పొట్టేలు పొట్టకింద దాక్కుని ఒంటికన్ను రాక్షసుడి గుహలోంచి తప్పించుకుంటున్న ఒడిస్సియస్, తగలబడుతున్న ట్రాయ్ నుంచి ముసలి తండ్రిని భుజం మీద మోసుకుపోతున్న ఈనియస్ లాంటి కథల బొమ్మలు కూడా రోమన్ దీపాల మీద ఉన్నాయి. ఏమీ తోచని రోజు చేసినట్టు ఉత్త పూరేకులు, గుల్ల చారలు ఉన్నవీ బోలెడు. వీటన్నిటిలో నా మనసు పడింది కుందేలు మీద. చెవులు వెనక్కి వాల్చి ఏదో కొరుకుతూ ఉంటుంది ఒకదాని మీద, ఇంకోదాని మీద ప్రాణభయంతో పరుగు. దేవుడు కాదు, వీరుడు కాదు, పురాణం లేదు. ఎవరో కొట్టుకి వెళ్లి, గ్లాడియేటర్లూ దేవతలూ వరసగా పెట్టి ఉంటే వాళ్లను పక్కనపెట్టి ఈ కుందేలుని ఎంచుకున్నారు, అది ఊహించుకుంటే సరదాగా ఉంటుంది.

ఒక విషయం మాత్రం బీరువా ముందు వంగి చూస్తే గానీ తెలియదు. నూనె పోసే చిల్లు ఎక్కడో ఒకచోట పడాలి కదా, మరి బొమ్మ గుంట నిండా ఉంది. పనితనం ఉన్నవాడు ఇద్దరు గ్లాడియేటర్లకు మధ్య ఖాళీలోనో, గుర్రం కాళ్ల సందులోనో చిల్లు పెడతాడు, వెతికితే గానీ కనపడదు. తొందరలో ఉన్నవాడు ఎక్కడ పడితే అక్కడ పొడిచేస్తాడు, మనిషి పొట్టలో పడినా లెక్కలేదు. మా వాడు ఇలా దెబ్బతిన్నవాళ్లని వెతకడం ఆటగా పెట్టుకున్నాడు, "అక్కా, ఇతనికి నడుమే లేదు చూడు" అంటూ. అదీ ఒక లాభమే, కాసేపు ఆకలి గుర్తురాలేదు.

కొత్త సంవత్సరపు దీపాలని ఒక రకం ఉంది, చాలా దేశాల మ్యూజియాల్లో కనిపిస్తుంది. రెక్కలున్న విజయదేవత గుండ్రటి డాలు పట్టుకుని నిలబడి ఉంటుంది, డాలు మీద లాటిన్‌లో "నాకు కొత్త ఏడాది శుభంగా, సుఖంగా ఉండాలి" అని రాసి ఉంటుంది, చుట్టూ నాణేలు, ఖర్జూరం, అంజీరు. ఇవన్నీ జనవరి ఒకటిన రోమన్లు ఒకరికొకరు ఇచ్చుకునే కానుకలు. అసలు కానుకలన్నీ కొనే స్తోమత లేకపోతే వాటి బొమ్మలున్న దీపం ఇచ్చేస్తే సరి. పైగా "నాకు" అని ఉంది చూశారా, పుచ్చుకున్నవాళ్లు తమకోసం తామే చదువుకోవాలన్నమాట, బాగా ఆలోచించారు.

ఇదే మ్యూజియం సొత్తు ఒక బంగారు దీపం, 1863లో పాంపేలో వీనస్ గుడి దగ్గర దొరికింది, రెండు వత్తులది, బరువు దాదాపు తొమ్మిది వందల గ్రాములు. నీరో చక్రవర్తి సమర్పించాడని చెప్పుకుంటారు. దాని మీద చెక్కినవి ఆకులు మాత్రమే. అంత బంగారం పోసి బొమ్మ లేకుండా చేశారు, మట్టివాడే నయం. కంచు దీపాల సెమ్మెలు సింహం పాదాల మీద నిలబడి మనిషి నడుం ఎత్తున ఉన్నాయి. 1925లో పాంపేలో దొరికిన కంచు యువకుడి విగ్రహం కూడా ఇక్కడిదే, భోజనాల చోట దీపాలు పట్టుకుని నిలబడే ఉద్యోగం అతనిది. ఎంత అందంగా ఉన్నాడో చెప్పలేను, అంత అందగాడిని దీపస్తంభంగా వాడుకున్నారు.

శృంగార వస్తువుల "రహస్య గది" కూడా ఉంది. 1819లో యువరాజు కుటుంబంతో వచ్చి చూసి, సిగ్గుపడి తాళం వేయించాడు, అందరికీ తెరిచింది 2000లో. మట్టి దీపాల మీద పడకగది బొమ్మలు రోమన్లకు కుందేలంత మామూలు. ఈ గదిని మాత్రం నేనూ మావాడూ విడివిడిగా, వేరు వేరు టైములో చూశాం.

మంగళవారం, పాంపే

నేపుల్స్ నుంచి లోకల్ రైల్లో కిక్కిరిసి నిలబడి వెళ్లాం. పాంపే గురించి అందరూ రాశారు కాబట్టి నా దారిన నేను పోతాను.

ఊరి దక్షిణం వైపు నోచేరా ద్వారం దగ్గర ఒక దీపాల కార్ఖానా బయటపడింది. కార్ఖానా అంటే పెద్దది అనుకోకండి, మట్టి కాల్చే కుమ్మరి ఆవాలు రెండున్న చిన్న చోటు, దీపాలూ చిన్నచిన్న మట్టి కప్పులూ చేసేవాళ్లు. మేం వెళ్లిన రోజు గేటు వేసి ఉంది, ఊచల సందులోంచి చూసుకున్నాం. మావాడికి అక్కడ గోడ తప్ప ఏమీ కనపడలేదట, నేను మాత్రం అరగంట కదల్లేదు, అక్కడ పని ఎలా జరిగేదో వాడికి చెప్తూ ఉన్నాను.

ముందు ఒక అసలు నమూనా. చేయి తిరిగినవాడు మట్టితో గట్టి దీపం ఒకటి మలిచి, బొమ్మ చెక్కుతాడు. దాని మీద జిప్సం గానీ మట్టి గానీ మెత్తి రెండు ముక్కల అచ్చు తీస్తారు, పై సగం ఒకటి, కింది సగం ఒకటి. ఇక అక్కడి నుంచి చేయి తిరిగినవాడి అవసరం లేదు. అచ్చులో బంకమట్టిని బొటనవేలితో పలచగా అదుముతారు, పగిలిన దీపాల లోపల ఆ వేలి గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. రెండు సగాలూ కాస్త గట్టిపడ్డాక అంచులకు నీళ్ల మట్టి రాసి అతికిస్తారు, అతుకు దగ్గర పొంగిన మట్టి గీకేస్తారు, వత్తికీ నూనెకీ చిల్లులు పొడుస్తారు, పలచటి రంగుమట్టి నీళ్లలో ముంచి ఆరబెట్టి ఆవంలో పేరుస్తారు. కాల్చాక ఎరుపో, నారింజో, గోధుమరంగో వస్తుంది. చవగ్గా, వేలకు వేలు చేయొచ్చు. కుర్రాళ్లు, బానిసలు, ఎవరు కూర్చున్నా పని నడుస్తుంది.

ఇప్పుడు అసలు తమాషా. పక్క ఊరి కుమ్మరికి అచ్చు కొనడం దండగ అనిపించింది అనుకోండి. బజారుకి వెళ్లి బాగా అమ్ముడుపోతున్న దీపం ఒకటి కొంటాడు, దాని మీదే జిప్సం మెత్తి అచ్చు తీసుకుంటాడు. అడిగేవాడు లేడు. అయితే మట్టి ఆరినప్పుడూ కాలినప్పుడూ చిక్కిపోతుంది, దాదాపు పదో వంతు దాకా. అంటే కాపీ దీపం అసలుదాని కంటే చిన్నది. ఆ కాపీ నుంచి ఇంకొకడు అచ్చు తీస్తే అది ఇంకా చిన్నది. ప్రతిసారీ బొమ్మ గీతలు కొంచెం పూడుకుపోతాయి. మొదటి తరంలో గ్లాడియేటర్ హెల్మెట్ మీద ఈకలు లెక్కపెట్టొచ్చు, మూడో నాలుగో తరానికి వాడొక మట్టి ముద్ద, చేతిలో ఉన్నది కత్తో కర్రో తెలియదు. అప్పుడు ఎవరో ఒకరు పచ్చి మట్టి మీదే పుల్లతో కళ్లు, ముక్కు మళ్లీ గీసి బొమ్మను లేపుతారు, ఆ లేపడంలో కుక్క నక్కగా మారినా మారొచ్చు. పరిశోధకులకి ఇది వరం, ఒకే బొమ్మ ఉన్న దీపాలను కొలతలు తీసి వరసగా పేర్చి ఏది తాత, ఏది మనవడు చెప్తారు. నాకు ఇందులో నచ్చేది ఏమిటంటే చిత్రకారుడు ఎవరో ఎవరికీ తెలియదు, అయినా వాడు గీసిన కుందేలు వాడు చూడని ఊళ్లకు పోతుంది, పోతూ పోతూ చెవులు పోగొట్టుకుంటుంది.

అక్కడి నుంచి కాస్త దూరంలోనే వినోదశాల. క్రీ.శ. 59లో ఇక్కడ ఆటలు చూడటానికి వచ్చిన నూకేరియా ఊరివాళ్లకీ పాంపేవాళ్లకీ గొడవ ముదిరి కొట్టుకుని చచ్చారు, రోమ్ ప్రభుత్వం పదేళ్లు ఆటలు నిషేధించింది. గ్లాడియేటర్లంటే అంత పిచ్చి ఉన్న ఊళ్లో దీపాల మీద వాళ్లు ఉండకుండా ఎలా ఉంటారు. డాలు ఎంత సైజు, కత్తి వంకరా తిన్ననా అన్నది చూసి ఏ రకం యోధుడో చెప్పొచ్చు, ఓడినవాడు వేలెత్తి ప్రాణభిక్ష అడుగుతున్న దీపాలు ఉన్నాయి, మనుషులు లేకుండా ఉత్త ఆయుధాలే గుండ్రంగా పేర్చినవీ ఉన్నాయి. పాంపేలో ఆటలు ఆగిన ఏళ్లలో అలాంటి దీపాల అమ్మకం పెరిగిందో తగ్గిందో అని మావాడి డౌట్, మంచి డౌటే.

మధ్యాహ్నం ఎండ మాడ్చేసింది. నీళ్ల కుళాయిలు ఉన్నాయి కాబట్టి బతికాం. ఫోరం స్నానశాలలో వందల కొద్దీ దీపాలు దొరికాయి, లోపల చిన్న కిటికీల చీకటి చూస్తే ఎందుకో అర్థమవుతుంది. గోడలకు గూళ్లు, ఇళ్లల్లో కులదేవతల మందిరాలు, వాటి మీద పాములు, వాటి ముందు దీపం పెట్టే చోటు, ఇవన్నీ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రాత్రిపూట ఈ ఊరు ఎలా ఉండేదో రెండు గోడరాతలు చెప్తాయి. ఎన్నికల ప్రచారం గోడల మీద రాత్రుళ్లు రాసేవాళ్లు. ఒకచోట రాసినవాడు "లాంతరోడా, నిచ్చెన పట్టుకో" అని తన సహాయకుడిని కేకేసిన కేక కూడా గోడ మీద రాసేశాడు. ఇంకో రాతగాడు ఎమీలియస్ కేలెర్, ఇది వెన్నెల్లో ఒక్కడినే రాశానని సంతకం పెట్టాడు. దీపం ఖర్చు మిగుల్చుకున్నాడా, మనిషి దొరకలేదా అని నేనూ తమ్ముడూ వాదించుకుంటూ స్టేషన్ దాకా నడిచాం. నూనె ఖర్చేరా అన్నాను నేను.

ఇంకొకటి చెప్పాలి, శుక్రవారానికి పనికొస్తుంది. 1881లో పాంపేలో ఒక ఇంట్లో విప్పని సరుకు పెట్టె దొరికింది. లోపల గాల్ దేశం నుంచి, అంటే ఇప్పటి ఫ్రాన్స్ నుంచి, వచ్చిన ఎర్రటి బొమ్మల గిన్నెలు 90, వాటితో పాటు ఉత్తర ఇటలీలో చేసిన దీపాలు దాదాపు నలభై. విప్పే లోపు 79లో వెసూవియస్ పేలింది. ఊళ్లోనే దీపాల కార్ఖానా పెట్టుకుని, ఎక్కడో ఉత్తరాది దీపాలు ఎందుకు తెప్పించుకున్నట్టు?

బుధవారం, రోమ్

పొద్దున టెస్టాచో. ఇది కొండ పేరు, నిజం కొండ కాదు. దాదాపు 35 మీటర్ల ఎత్తు, మొత్తం పగిలిన నూనె జాడీలు. ఐదు కోట్లకు పైగా జాడీలు ఉంటాయని అంచనా, ఎక్కువ భాగం స్పెయిన్ దక్షిణాది నుంచి ఆలివ్ నూనె తెచ్చినవి, కొన్ని ఉత్తర ఆఫ్రికావి. ఒక్కో జాడీ ఖాళీగానే ముప్ఫై కిలోలు, నిండితే ఇంకో డెబ్భై. నూనె ఇంకిన జాడీ కంపు కొడుతుంది, మళ్లీ వాడలేరు, అందుకని పగలగొట్టి వరసగా పేర్చి, కంపు పోవడానికి పైన సున్నం చల్లారు. పైకి ఎక్కాలంటే ముందుగా అనుమతి కావాలి, మేం చుట్టూ తిరిగాం. కొండ పొట్టలో తొలిచిన హోటళ్లలో కొన్నిటికి వెనక గోడ గాజుది, అన్నం తింటూ ముక్కలు చూడొచ్చు. రోమన్లకు ఆలివ్ నూనే తిండి, అదే ఒంటికి రాసుకునేది, అదే దీపానికి. దీపం చవక, నూనె చవక కాదు, రాత్రంతా వెలిగించుకోవడం అందరి వల్లా అయ్యే పని కాదు. ఒక వత్తి ఇచ్చే వెలుగు ఒక కొవ్వొత్తి పాటిది, అవిసె నారతోనో మరో నారతోనో పేనిన వత్తిని సూదితో మాటిమాటికీ ఎగదోయాలి.

ఈ కొండ తవ్వి జాడీల మీది రాతలు చదివినవాడు హైన్‌రిష్ డ్రెస్సెల్ అనే జర్మన్. ఆయనే 1899లో రోమ్ నగరపు దీపాలను ఆకారాన్ని బట్టి వరసలు కట్టి నంబర్లు ఇచ్చాడు, జాడీలకీ అంతే. ఇప్పటికీ మ్యూజియం చీటీల మీద "డ్రెస్సెల్ 20" అని కనిపిస్తే అది ఈ నూనె జాడీ. నూనె తెచ్చిన పాత్రకీ నూనె తాగిన పాత్రకీ ఒకే మనిషి లెక్కలు రాశాడు.

సాయంత్రం డయోక్లీషియన్ స్నానశాలల్లోని మ్యూజియం. ఇక్కడ నన్ను ఆపేసింది అన్నా పెరెన్నా అనే దేవత నీటిబుగ్గ. 1999లో రోమ్‌లో పియాజ్జా యూక్లిడే దగ్గర భూమి కింద పార్కింగ్ కోసం తవ్వుతుంటే బయటపడింది. నీళ్లలో రాగి బిందె, నాణేలు, ఒకదాంట్లో ఒకటి పెట్టిన సీసపు డబ్బాలు, డబ్బాల్లో చేతబడి బొమ్మలు, శాపాలు గీసిన సీసపు రేకులు, వాటితో పాటు డెబ్భై దాకా దీపాలు. ఆ దీపాల్లో చాలావాటికి మసి లేదు, ఒక్కసారీ వెలిగించలేదు. కొన్నిటి పొట్టలో శాపం రాసిన రేకు చుట్టి దూర్చారు. మ్యూజియాల్లో దీపం చూడగానే నేను ముందు ముక్కు చివర మసి ఉందా లేదా చూస్తాను, మసి ఉంటే ఎవరో దాని వెలుగులో తిన్నారు, తిట్టుకున్నారు, లెక్కలు రాసుకున్నారు అని. ఇక్కడ అది తలకిందులైంది. దీపాన్ని కవరుగా వాడి ఎవరి నాశనమో కోరుతూ దేవత నీళ్లలో పడేశారు. మావాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మన ఊళ్లో నిమ్మకాయలు నయం" అన్నాడు.

గురువారం, రోమ్‌లోనే

ప్రిసిల్లా కాటకోంబులు. బెనెడిక్టైన్ క్రైస్తవ సన్యాసినులు చూసుకుంటారు, గైడ్ లేకుండా దిగనివ్వరు, ఫోటోలు తీయనివ్వరు. మెత్తటి రాతిలో తొలిచిన సొరంగాలు, మొత్తం పదమూడు కిలోమీటర్లని గైడ్ చెప్పింది, మేం నడిచింది అందులో చిటికెడు. గోడల నిండా అరలు అరలుగా సమాధులు. అర మూసి సున్నం పూసేటప్పుడు ఆ తడి సున్నంలోనే ఒక దీపం అదిమేవాళ్లు, ఏదో ఒక గుర్తు, మళ్లీ వచ్చినప్పుడు తమవాళ్ల అర ఏదో తెలియడానికి కూడా కావచ్చు. రోమ్ చుట్టూ ఇలాంటి సొరంగాల నుంచి వేల దీపాలు వచ్చాయి.

లోపల ఒక గది పైకప్పు మీద భుజాన మేకపోతు ఎత్తుకున్న కాపరి చిత్రం ఉంది, క్రైస్తవులకు మంచి కాపరి. అదే కాపరి మూడో శతాబ్దపు మొదట్లో దీపాల మీదికి కూడా వచ్చాడు. ఆ రకం దీపాలు కొన్నిటి అడుగున "అన్నిసెర్" అని ముద్ర, అంటే అన్నియస్ సెరాపియోడోరస్, రోమ్, దాని రేవు ఓస్తియా వైపు పనిచేసినవాడు. పేరులో ఈజిప్టు దేవుడు సెరాపిస్ ఉన్నాడు, దీపం మీద మంచి కాపరి. అతను క్రైస్తవుడా కాదా అని పండితులు వాదించుకుంటారు గానీ, నన్నడిగితే అతను వ్యాపారి. గొర్రెని ఎత్తుకున్న కాపరి బొమ్మ క్రైస్తవం కన్నా పాతది, కొన్నవాళ్లు ఎవరికి నచ్చిన అర్థం వాళ్లు చెప్పుకుంటారు, అందరికీ అమ్మొచ్చు.

ఆ తర్వాత 4, 5 శతాబ్దాల్లో ఇప్పటి ట్యునీషియా నుంచి ఎర్రటి నునుపైన దీపాలు ఓడల్లో దిగి మధ్యధరా తీరమంతా నిండిపోయాయి. వాటి మీద శిలువ గుర్తులు, చేపలు, నెమళ్లు, బైబిల్ కథలు. జూపిటర్ పోయాడు, గ్లాడియేటర్ పోయాడు. కుందేలు మాత్రం ఉంది! ఆఫ్రికా దీపాల మీద కూడా పరుగెడుతూనే ఉంది. మతం మారినా దానికి ఇబ్బంది లేకపోయింది.

పైకి వచ్చాక ఆ రోజు ఇంకేమీ చూడలేదు, పిజ్జా తిని బట్టలు ఉతుక్కున్నాం.

శుక్రవారం, మోదెనా

రోమ్ నుంచి బొలోన్యా, అక్కడ మారితే మోదెనా. ఈ ఊరికి జనం కార్ల కోసం, బాల్సమిక్ వెనిగర్ కోసం వస్తారు. రోమన్ రచయిత ప్లీనీ తన కాలంలో మట్టిపాత్రలకు పేరున్న ఊళ్లను లెక్కపెడుతూ ఈ ఊరిని కూడా చెప్పాడు, అప్పటి పేరు ముటినా.

మొదటి శతాబ్దం రెండో సగంలో ఉత్తర ఇటలీలో ఒక కొత్త రకం దీపం పుట్టింది. దాని కప్పు మీద బొమ్మ ఉండదు, ఉన్నా చిన్న ముసుగు ఒకటి. భుజాల మీద రెండో మూడో బుడిపెలు, ముక్కు మీద కాలువలాగా చిన్న గాడి, మందపాటి గట్టి ఒళ్లు. తిరగేసి చూస్తే అడుగున పెద్ద ఉబ్బెత్తు అక్షరాల్లో తయారుచేసినవాడి పేరు. అన్నిటికన్నా ఎక్కువ కనిపించే పేరు ఫోర్టిస్. బ్రిటన్ నుంచి డాన్యూబ్ తీరం దాకా, సైనికులు ఎక్కడ గుడారం వేస్తే అక్కడ ఫోర్టిస్ దీపం దొరుకుతుంది. పాంపే పెట్టెలోని ఉత్తరాది సరుకు ఈ తరం వ్యాపారానిదే.

2008లో మోదెనాలో వియాలే రైటర్ అనే రోడ్డు పక్కన ఇల్లు కట్టడానికి పునాదులు తవ్వుతుంటే కుమ్మరులు పారేసిన చెత్తగుంట బయటపడింది. అందులో కాల్చినప్పుడు చెడిపోయిన దీపాలు, వాటి అడుగున ఫోర్టిస్ పేరు, ఇంకా స్ట్రోబిలస్, కొమ్యూనిస్, యూకార్పస్, ఫోయిటాస్పస్ పేర్లు. మార్కెట్‌లో పోటీపడిన పేర్లన్నీ ఒకే గుంటలో. అక్కడే వడిసెలతో విసిరే సీసపు గుండ్లు కూడా దొరికాయి, క్రీ.పూ. 43లో రోమన్ సేనాని మార్క్ ఆంటొనీ ఈ ఊరిని ముట్టడించినప్పటివి. మేం ఆ రోడ్డుకి నడిచి వెళ్లాం. చెట్లు, అపార్ట్‌మెంట్లు, సైకిళ్లు, ఒక ముసలాయన కుక్కని తిప్పుతున్నాడు. బోర్డు కోసం వెతికాం, మా కంటికి ఏదీ పడలేదు. ఊళ్లో మ్యూజియాల భవనంలో ఫోర్టిస్ దీపాలు చూశాం, అద్దం కింద తిరగేసి పెట్టారు, పైభాగం చూడటానికి ఏముంది గనక.

ఇక్కడే నాకూ తమ్ముడికీ గట్టి వాదన. వాడు మేనేజ్‌మెంట్ చదువుతున్నాడు, వాడికి ఫోర్టిస్ హీరో. బొమ్మ చెక్కడానికి కళాకారుడు కావాలి, నాలుగు కాపీలకే బొమ్మ చెడిపోతుంది, ఫ్యాషన్ మారితే అచ్చులన్నీ దండగ. పేరు అలా కాదు, వేసుకున్నన్నాళ్లు అమ్ముడవుతుంది అంటాడు. నిజమే. దీపం నూనె కారకుండా, పగలకుండా ఉంటే చాలనుకునే సిపాయికి ఫోర్టిస్ చాలు. కానీ ఫోర్టిస్‌ని కూడా వదల్లేదురా కాపీగాళ్లు అని నేను చూపించాను. దూర దేశాల్లో దొరికిన ఫోర్టిస్ దీపాల్లో చాలావాటి మట్టి ఇటలీది కాదు, అక్కడి కుమ్మరులు ఫోర్టిస్ దీపం మీదే అచ్చు తీసుకున్నారు, పేరుతో సహా. దీపం చిక్కిపోయింది, అక్షరాలు అరిగాయి. కొన్ని ఫోర్టిస్ సొంత బ్రాంచీల్లో చేసినవే కావచ్చని ఒక వాదం ఉంది, మావాడు వెంటనే ఆ వాదం పట్టుకుని వేలాడాడు.

"సరే అక్కా, నీకు కొనుక్కోమంటే ఏది కొంటావు?" అన్నాడు.

కుందేలుదే అన్నాను. ముక్కు దగ్గర నూనె కారినా సరే. వాడు ఫోర్టిస్ కొంటాడట, రెండు కొని ఒకటి స్టాక్ పెడతాడట. నాలుగున్నరకి మిలాన్ రైలు, దారిలో తినడానికి వెనిగర్ వేసిన చిప్స్ ప్యాకెట్లు కొనుక్కుని ఎక్కాం.